పాత రోడ్డు సైకిలుకు ధర కట్టడం: ముందు వెనుక ఇరుసు చూడండి

కిందటి వేసవిలో మా ఊరి కుర్రాడొకడు ఫోను చేశాడు. చికాగో శివార్లలో అప్పుడే ఉద్యోగంలో చేరాడు. "అన్నయ్యా, ఇక్కడ ఒక పెద్దాయన గ్యారేజీలో రాలీ సైకిలు అమ్ముతున్నారు. రాలీ అండీ! మూడు వందల డాలర్లు చెబుతున్నారు. తీసేసుకోమంటారా?" అని అడిగాడు.

ఆ సంబరం నాకు తెలుసు. మా తాతల కాలంలో రాలీ సైకిలు ఉన్న ఇల్లంటే ఊళ్లో ఒక లెక్క. అసన్సోల్‌లో సేన్-రాలీ వాళ్లు తయారుచేసిన ఆ నల్ల సైకిలు కొందరు అల్లుళ్ల అలకపాన్పు కోరికల్లో మొదటిది. ఆ పేరు చెవిన పడగానే మనవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. నేను అతనికి చెప్పింది ఒకటే: "పేరున్న ఫొటో వద్దు. వెనుక చక్రం ఇరుసు ఫ్రేములో ఎక్కడ కూర్చుందో అక్కడ దగ్గరగా ఫొటో తీసి పంపు." పంపాడు. ఇరుసును పట్టుకున్న ముక్క పల్చని రేకు. అచ్చుతో కోసి, గొట్టం చివర నొక్కి అతికించింది. "నలభై దాటితే వద్దు" అన్నాను.

పశువుల సంతలో ఎద్దు కొమ్ములకు పూసిన రంగు చూసి ఎవరూ బేరం ఆడరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, గిట్టలు ఎత్తి చూస్తారు. పాత సైకిలుకూ అంతే. గొట్టం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కొమ్ముల రంగులాంటిది. ధర చెప్పేవి చివర్లు, అతుకులు, పళ్లు.

ఇక్కడ రోడ్డు సైకిలు అంటున్నది వంపు తిరిగిన హ్యాండిలు, సన్న టైర్లు, గేర్లు ఉన్న రేసు రకం సైకిలును. పాతది అంటే ముఖ్యంగా 1970 నుంచి 1995 వరకు వచ్చినవి. వీటి సంత అమెరికా, ఐరోపా, జపాన్ దేశాల్లో ఉంది. అక్కడి మన వాళ్లు వారాంతాల్లో గ్యారేజీ అమ్మకాల్లో తరచు చూసేవీ ఇవే.

సంచిలో పెట్టుకోవలసినవి

చిన్న అయస్కాంతం, టార్చిలైటు, పన్నెండు అంగుళాల స్టీలు స్కేలు, నాలుగు మీటర్ల సన్నని దారం, పాత గుడ్డ, 4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, ఒక సర్దుబాటు స్పానరు. వీటిలో దేన్నైనా మరిచిపోవచ్చు, అయస్కాంతాన్ని మాత్రం మరవకండి.

మొదటి మెట్టు: ఇరుసు దగ్గర కూర్చోండి

వెనుక చక్రం ఇరుసు దూరే గాడి ఉన్న ముక్కను డ్రాపౌటు అంటారు. చవక ఫ్రేములో ఇది రేకు నుంచి కోసిన ముక్క. మందం తక్కువ, అంచులు చదునుగా ఉంటాయి. గేరు మార్చే డిరెయిలర్‌ను దానికి నేరుగా బిగించే చోటు ఉండదు కాబట్టి, వేరే రేకు ముక్కను ఇరుసు కింద ఇరికించి దానికి తగిలిస్తారు. మంచి ఫ్రేములో డ్రాపౌటు కాల్చి సాగగొట్టిన ఇనుము. మందంగా ఉంటుంది, డిరెయిలర్ బిగించే చెవి దానిలోనే భాగంగా ఉంటుంది. దాని మీద కంపాన్యోలో, షిమానో, సన్‌టూర్ వంటి భాగాల కంపెనీ పేరు చెక్కి ఉంటే ఫ్రేము కట్టినవాడు ఖర్చుకు వెనుకాడలేదని అర్థం. స్టిక్కర్లు మార్చవచ్చు, రంగు మార్చవచ్చు. డ్రాపౌటు మార్చాలంటే ఫ్రేమును కోసి మళ్లీ అతకాలి. అబద్ధం ఆడటం కష్టమైన చోటు కాబట్టే ఇక్కడి నుంచి మొదలుపెట్టమంటున్నాను.

అక్కడ ఉండగానే స్కేలుతో రెండు డ్రాపౌట్ల మధ్య లోపలి దూరం కొలవండి. 120 మిల్లీమీటర్లయితే ఐదు పళ్లచక్రాల కాలంది, 126 అయితే ఆరు లేదా ఏడు, 130 అయితే ఎనిమిది, ఆపైన. రేపు కొత్త చక్రం వేయాలంటే ఈ అంకె కావాలి. ఇనుప ఫ్రేమును కొద్దిగా వెడల్పు చేయించవచ్చు. అల్యూమినియం ఫ్రేమును ఆ పని ఎప్పుడూ చేయకూడదు.

రెండవ మెట్టు: అయస్కాంతం తిప్పండి

రిమ్ముకు, పెడలు కర్రకు (క్రాంకు), హ్యాండిలుకు, సీటు కడ్డీకి వరుసగా తాకించండి. అంటుకుంటే ఇనుము, జారిపోతే అల్యూమినియం. ఫ్రేముకు అంటుకోవడం మంచిదే, భాగాలకు అంటుకోవడం మాత్రం చవక సరుకు లక్షణం. మెరిసే ఇనుప రిమ్ము చూడటానికి బాగుంటుంది, వానలో మాత్రం బ్రేకు దాన్ని పట్టదు; బరువూ ఎక్కువే. నేను ఇనుప రిమ్ములున్న సైకిలుకు సగం ధర కోసేస్తాను, ఎందుకంటే ఆ చక్రాలు మార్చక తప్పదు.

క్రాంకును ఇరుసుకు కాటరు పిన్నుతో బిగించి ఉంటే, మన ఊళ్లో సైకిలు షాపు ముందు పెరిగిన వారెవరికైనా అది ఎంత పాత పద్ధతో తెలుస్తుంది. ఇరుసు, రెండు కర్రలు కలిసి ఎస్ ఆకారంలో ఒకే ముక్కగా ఉంటే అది ఇంకా కింది తరగతి. పిన్ను లేకుండా, బోల్టుతో బిగించిన అల్యూమినియం క్రాంకు ఉంటే ఒక మెట్టు పైకి.

గేరు మార్చే మీటలు హ్యాండిలు మెడ మీద ఉంటే అది కొత్తవారిని బెదరగొట్టకూడదని చేసిన ఏర్పాటు. కింది గొట్టం మీద ఉంటే మేలు. బ్రేకు మీటలకు అడ్డంగా ఇంకో జత మీటలు పొడుచుకొచ్చి ఉంటే, అవి గట్టిగా ఆపవు సరికదా, ఆ సైకిలును ఎవరి కోసం తయారుచేశారో కూడా చెప్పేస్తాయి. ఇవన్నీ ఐదు నిమిషాల పని. ఇక్కడే పది సైకిళ్లలో ఏడు పక్కకు పోతాయి.

మూడవ మెట్టు: గొట్టం ఏమిటి?

అసలు విలువ ఇక్కడుంది. 1970ల మొదట్లో అమెరికాలో సైకిళ్లకు వెర్రి గిరాకీ వచ్చింది. 1973 నాటికి ఏటా కోటిన్నర సైకిళ్లు అమ్ముడుపోయాయి. దొరికిన ప్రతి కంపెనీ దొరికినంత సరుకు దింపింది. ఇప్పుడు గ్యారేజీల్లో దుమ్ము పట్టి ఉన్నవి అధికంగా అవే, వాటిలో అధిక భాగం మామూలు కార్బన్ ఉక్కు. చికాగోలో తయారైన ష్విన్ వారి వార్సిటీ మోడల్ దాదాపు 18 కిలోలు తూగుతుంది. అది బండలా గట్టిది, తరతరాలు ఉంటుంది. కానీ రేసు సైకిలని చెప్పి ధర అడిగితే నవ్వి ఊరుకోవాలి. అదే ష్విన్ కంపెనీ పారామౌంట్ అనే మోడల్‌ను రెనాల్డ్స్ 531 గొట్టాలతో చేతితో కట్టించింది. రెండింటి మీదా ఒకే పేరు. ధరలో పది రెట్ల తేడా ఉన్నా నేను ఆశ్చర్యపోను.

రెనాల్డ్స్ 531 అనేది బర్మింగ్‌హాం కంపెనీ 1935లో తెచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు. చివర్లలో మందంగా, మధ్యలో పల్చగా ఉండే గొట్టం కాబట్టి తేలిక. దాని స్టిక్కరు కనిపిస్తే ఆగి పూర్తిగా చదవండి. గొట్టాలు, ఫోర్కు, వెనుక కడ్డీలు అన్నీ 531 అని ఒక స్టిక్కరు చెబుతుంది. ఫ్రేము గొట్టాలు మాత్రమే అని ఇంకొకటి చెబుతుంది. రెండవ దానిలో మూడు ప్రధాన గొట్టాలే మంచివి, మిగతావి మామూలు ఉక్కు. అమ్మేవారు ఫొటోలో ఆ పచ్చని స్టిక్కరు పై సగమే చూపిస్తే నాకు అనుమానం వస్తుంది.

ఇటలీ వారికి కొలంబస్ గొట్టాలున్నాయి: ఎస్ఎల్ తేలిక రకం, ఎస్‌పీ బరువు రకం, తర్వాత ఎస్ఎల్ఎక్స్. జపాన్‌కు టాంగే, ఇషివాటా ఉన్నాయి. క్రోమియం-మాలిబ్డినం అని రాసి, చివర్లు మందం చేసినట్టు కూడా రాసి ఉంటే మంచిదే.

స్టిక్కరు చిరిగిపోయిందా? సీటు కడ్డీ చూడండి. దాని మీద వ్యాసం అంకె కొట్టి ఉంటుంది. గొట్టం బయటి కొలత అన్ని సైకిళ్లకూ దాదాపు ఒకటే కాబట్టి, లోపలి కడ్డీ ఎంత లావుగా ఉంటే గోడ అంత పల్చన. 27.2 మిల్లీమీటర్లు ఉంటే మంచి గొట్టం. 26.4, 26.8 మధ్యస్థం. 25.4 ఉంటే నీళ్ల పైపు. ఫ్రెంచి సైకిళ్లకు గొట్టం కొలతే వేరు కాబట్టి వాటికి ఈ లెక్క కుదరదు. ప్యూజో పీఎక్స్-10 అసలైన 531 సైకిలే అయినా దానిలో సన్న కడ్డీ ఉంటుంది.

ప్యూజో ప్రస్తావన వచ్చింది కాబట్టి: అదే తెల్లరంగు, అదే నలుపు గళ్ల పట్టీలతో యూఓ-8 అనే చవక మోడల్ లక్షల్లో అమ్ముడైంది. దాని డిరెయిలర్ ప్లాస్టిక్‌ది, ఏళ్లు గడిచేసరికి పగులుతుంది. రాలీలో 1970ల వరుస ఇలా ఉంటుంది: రికార్డ్, గ్రాండ్ ప్రీ మామూలు ఉక్కు, సూపర్ కోర్స్‌లో ప్రధాన గొట్టాలు 531, ఇంటర్నేషనల్, ప్రొఫెషనల్ పూర్తిగా 531. మా కుర్రాడు చూసింది రికార్డ్. బియాంకీ వారి ఆకాశనీలం-ఆకుపచ్చ రంగుకు కొందరు కరిగిపోతారు. ఆ రంగు అడుగు తరగతి సైకిళ్లకూ వేశారు.

నా ఓటు మాత్రం 1980ల జపాన్ సైకిళ్లకు. మియాటా, ఫూజీ, సెంచూరియన్, నిషికి, పానసోనిక్, యూనివేగా, బ్రిడ్జ్‌స్టోన్. అతుకుల పని నీటుగా ఉంటుంది, మరలన్నీ ప్రామాణికం, భాగాలు దొరుకుతాయి. డాలరు విలువ తగ్గించేందుకు 1985లో పెద్ద దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం తర్వాత డాలరుకు 240 యెన్లు ఉన్న మారకం రెండు మూడేళ్లలో సగానికి పడిపోయింది. జపాన్ సైకిలు అమెరికాలో ఖరీదైపోయి, తయారీ తైవాన్‌కు మళ్లింది. కాబట్టి 1982-86 మధ్యవాటిలో పెట్టిన ధరకు మించిన పనితనం దొరుకుతుంది. ఇటలీ పేరుకు గోడకు తగిలించుకునేవారు డబ్బిస్తారు; జపాన్ సైకిలుకు తొక్కేవారు ఇస్తారు. మీరు తొక్కడానికి కొంటుంటే ఈ తేడా మీకు లాభం.

నాలుగవ మెట్టు: పుట్టిన సంవత్సరం

అమ్మేవారు "డెబ్భైలవి" అంటే నమ్మనూ వద్దు, కాదననూ వద్దు. భాగాలే చెబుతాయి. షిమానో భాగాల వెనుక రెండు అక్షరాలు కొట్టి ఉంటాయి. మొదటిది సంవత్సరం: ఎ అంటే 1976, బి అంటే 1977, అలా జె అంటే 1985. రెండవది నెల: ఎ జనవరి, ఎల్ డిసెంబరు. జె తర్వాత జి ఉంటే 1985 జూలై. 2002లో మళ్లీ ఎ నుంచి మొదలైంది, అయితే ఇరవై ఆరేళ్ల తేడాను కంటితోనే పట్టవచ్చు. కంపాన్యోలో న్యూవో రికార్డ్ డిరెయిలర్ మీద పేటెంట్ అనే మాట పక్కన రెండంకెల సంవత్సరం ఉంటుంది. చికాగో ష్విన్ అయితే ముందు బ్యాడ్జి మీద నాలుగంకెలు చూడండి: మొదటి మూడూ ఏడాదిలో ఎన్నో రోజో, చివరిది సంవత్సరం చివరి అంకె.

ఒక భాగం తేదీ చూసి సంతోషించకండి. నాలుగైదు చూడండి. అన్నీ ఒక ఏడాది అటూ ఇటూగా ఉంటే సైకిలు పుట్టినప్పటి భాగాలతోనే ఉందని అర్థం, సేకర్తలు దానికి ఎక్కువ ఇస్తారు. 1978 ఫ్రేము మీద 1991 డిరెయిలర్ ఉంటే తొక్కడానికి అది ఇంకా మంచిదే కావచ్చు, సేకరణ ధర మాత్రం అడగకూడదు. గేర్లు క్లిక్కుమని మారే పద్ధతిని షిమానో తన పై తరగతి భాగాల వరుస డ్యూరా-ఏస్‌లో 1984లో తెచ్చింది. బ్రేకు మీటలోనే గేరు మీట 1990లో వచ్చింది. ఈ రెండు సంవత్సరాలు గుర్తుంటే చాలా కబుర్లు వడపోయవచ్చు. ఇక సన్‌టూర్ పేరు నేటి కుర్రవాళ్లకు తెలియదు, అందుకే ఆ భాగాలున్న సైకిలు ఇంకా చవగ్గా దొరుకుతుంది. వాలుగా కదిలే డిరెయిలర్‌ను కనిపెట్టింది వాళ్లే. ఆ పేటెంటు గడువు 1984లో తీరాకే మిగతావాళ్లు అందుకున్నారు.

ఐదవ మెట్టు: విరిగినవి, వంగినవి

ఇక్కడ తొందరపడితే డబ్బుతో పాటు దంతాలూ పోతాయి. టార్చి వెలిగించి, ముందు హ్యాండిలు గొట్టానికి కింది గొట్టం కలిసే చోట అడుగు భాగాన్ని చూడండి. సైకిలు ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే మొదట ముడత పడేది అక్కడే. కంటికి కనిపించకపోవచ్చు, వేళ్లతో మెల్లగా తడిమితే చిన్న ఉబ్బు తగులుతుంది. అక్కడ రంగు అడ్డంగా సన్నగా పగిలి ఉందా? అయితే ఆ ఫ్రేము విలువ సున్నా. నేను మొహమాటం లేకుండా లేచి వచ్చేస్తాను.

తర్వాత పక్క నుంచి చూడండి. ఫోర్కు పై భాగం, హ్యాండిలు గొట్టం ఒకే గీతలో ఉండాలి. ఫోర్కు వెనక్కి నొక్కుకుపోయి ఉంటే గుద్దుకున్నదే. ఇప్పుడు దారం తీయండి. ఒక కొస ఎడమ డ్రాపౌటుకు కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, కుడి డ్రాపౌటుకు బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు. నాలుగైదు ఉంటే వెనుక భాగం వంకర పోయింది.

తుప్పు రెండు రకాలు. పైన పొడిలా ఉండేది గుడ్డతో పోతుంది. రంగు కింద బుడగలు కట్టినట్టు ఉబ్బి, గోటితో నొక్కితే పెచ్చు రాలే తుప్పు లోపలి నుంచి వచ్చింది. సీటు కడ్డీ తీసి లోపలికి లైటు వేయండి. కింద పెడళ్ల ఇరుసు దగ్గర నీళ్లు నిలిచిన మరక ఉందేమో చూడండి. సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన సైకిళ్లలో, ఇంట్లో చెమట కారుతూ కదలకుండా తొక్కే యంత్రం (ట్రైనరు) మీద ఏళ్ల తరబడి బిగించి ఉంచిన వాటిలో ఇది ఎక్కువ. యంత్రం మీద తొక్కినవాటిలో చెమట ఉప్పు హ్యాండిలు పట్టీ కిందా తిని ఉంటుంది. పట్టీ ఒక చుట్టు విప్పి చూడనివ్వమని అడగండి.

కొన్ని పేర్లను మాత్రం భయపడటానికే గుర్తుంచుకోవాలి. ఏవీఏ అని ముద్ర ఉన్న పాత ఫ్రెంచి హ్యాండిలు మెడలు విరుగుతాయన్న అపఖ్యాతి మూటగట్టుకున్నాయి. లాంబర్ట్, వైకౌంట్ సైకిళ్ల తొలి అల్యూమినియం ఫోర్కులూ అంతే. వాటిని కంపెనీయే వెనక్కి పిలిపించింది. సైకిలు ఎంత అందంగా ఉన్నా ఫోర్కు మార్చే ఖర్చు తీసేసి ధర కట్టండి. కంపాన్యోలో సూపర్ రికార్డ్ క్రాంకులో కర్ర, పళ్లచక్రాన్ని పట్టే చేతులు కలిసే మూలలో వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. గుడ్డతో తుడిచి, లైటు ఏటవాలుగా వేసి చూడాలి. ఆ పగులుంటే వందల డాలర్ల భాగం గోడ అలంకారమైపోతుంది.

వీటస్ 979, అలాన్ వంటివి అల్యూమినియం గొట్టాలను జిగురుతోనో మరతోనో కలిపిన ఫ్రేములు. అతుకుల దగ్గర కదలిక, కిర్రుమనే చప్పుడు ఉంటే వద్దు. తొలి కార్బన్ ఫ్రేముల విషయం ఇంకా కష్టం. దెబ్బ లోపలే ఉండిపోతుంది. గుద్దుకున్న చరిత్ర తెలియని పాత కార్బన్ సైకిలుకు నేను భాగాల ధర మాత్రమే ఇస్తాను.

ఆరవ మెట్టు: కదులుతుందా?

సీటు కడ్డీ బోల్టు వదులు చేసి కడ్డీని తిప్పండి. హ్యాండిలు మెడ బోల్టును రెండు చుట్లు వదులు చేసి, ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిలును తిప్పండి. అమ్మేవారి అనుమతి అడిగి చేయండి, చేశాక మళ్లీ బిగించండి. ఇంత చిన్న పనిని ఒక పూర్తి మెట్టుగా ఎందుకు రాస్తున్నానంటే, నేను ఒకసారి చేయలేదు.

తొలి రోజుల సంగతి. నిగనిగలాడే ఫ్రేము, పూర్తి 531, నా ఎత్తుకు రెండంగుళాలు తక్కువగా దించి ఉన్న సీటు. ఇంటికి వెళ్లి పైకి లాగుదాములే అనుకున్నాను. ఇనుప గొట్టంలో అల్యూమినియం కడ్డీ ముప్ఫై ఏళ్లు చెమట, వాన నీళ్లు తాగి కూర్చుంటే రెండు లోహాలూ ఒకదాన్నొకటి తిని, మధ్యలో పుట్టిన తెల్లని ఉప్పు సిమెంటులా పట్టేస్తుంది. అమ్మోనియా పోశాను, చొచ్చుకుపోయే నూనె పోశాను, వారం ఆగాను, బెంచీకి బిగించి ఫ్రేమునే తిప్పాను. చివరికి కడ్డీని పైన కోసి, రంపపు బ్లేడు లోపలికి దించి, మూడు సాయంత్రాలు గీకి ముక్కలుగా తీశాను. దుకాణంలో ఈ పని చేయించి ఉంటే సైకిలు కొన్న ధర దాటేది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ.

ఇప్పుడు కడ్డీ కదలకపోతే ధర సగం చేస్తాను. కడ్డీ, మెడ రెండూ కదలకపోతే ఉచితంగా ఇచ్చినా ఆలోచిస్తాను.

మరలు, చక్రాల కొలతలు

1980లకు ముందరి ఫ్రెంచి సైకిళ్లలో, ప్యూజో, మోటోబెకాన్, జిటాన్ ఏదైనా, పెడళ్ల ఇరుసు కూర్చునే చోట 35 మిల్లీమీటర్ల మర ఉంటుంది. హ్యాండిలు మెడ 22.2కు బదులు 22.0. చూస్తే తేడా తెలియదు, దుకాణంలో భాగం దొరకనప్పుడు తెలుస్తుంది. ఇటలీ మర 36 మిల్లీమీటర్లు, రెండు వైపులా కుడి మరే. ఇంగ్లండు, జపాన్ సైకిళ్లకు 1.37 అంగుళం, పళ్లచక్రం వైపు ఎడమ మర. దీనికి భాగాలు ఎక్కడైనా ఉన్నాయి. నాటింగ్‌హాంలో తయారైన చవక రాలీల్లో కొన్నింటికి అంగుళానికి 24కు బదులు 26 చుట్ల సొంత మర ఉంది. ఇరుసు గుండ్రంగా, చప్పుడు లేకుండా తిరుగుతుంటే ఈ చిక్కులేవీ మీకు ఇప్పట్లో రావు. గరగరలాడుతుంటే ఫ్రెంచి సైకిలు నుంచి ఇంకో యాభై తీసేయండి.

చక్రం 27 అంగుళాలదా, 700సీనా అన్నది టైరు మీదే రాసి ఉంటుంది. రిమ్ము వ్యాసాలు 630, 622 మిల్లీమీటర్లు. తేడా ఎనిమిదే కాబట్టి పెద్దది తీసి చిన్నది వేయవచ్చు, బ్రేకు రబ్బరు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగగలిగితే. బ్రేకు గాడిలో ఇంకా జాగా ఉందో లేదో చూడండి. 27 అంగుళాల టైర్లు ఇప్పటికీ దొరుకుతాయి, ఎంపిక మాత్రం తక్కువ.

ఏడవ మెట్టు: అరుగుదల లెక్క

చైను మీద స్కేలు పెట్టండి. కొత్త చైనులో పన్నెండు పూర్తి లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, చివరి పిన్ను మధ్య అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే చైనుతో పాటు వెనుక పళ్లచక్రాలూ అరిగాయి. సొరచేప పళ్లలా ఒక పక్కకు వంగి కనిపిస్తాయి. ముందు చక్రం ఎత్తి హ్యాండిలును మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలోకి రాగానే గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగు గిన్నెలు పోయాయి. చక్రాలు తిప్పి బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. కొద్దిపాటి బెండు తీయించవచ్చు, ఎగుడుదిగుడు పెద్దదైతే రిమ్మే పోయింది.

అన్నీ బాగున్నా, ఇరవై ఏళ్లు నిలబడిన సైకిలుకు రబ్బరు, తీగలు మార్చక తప్పదు. నేను సొంతంగా పనిచేసుకుంటే అయ్యే ఖర్చు ఇలా ఉంటుంది: టైర్లు రెండు యాభై డాలర్లు, ట్యూబులు పన్నెండు, బ్రేకు గేరు తీగలు, తొడుగులు పాతిక, బ్రేకు రబ్బర్లు పన్నెండు, హ్యాండిలు పట్టీ పదిహేను, చైను పదిహేను, గ్రీజు, గుండ్లు పది. దాదాపు నూట నలభై. దుకాణానికి ఇస్తే కూలి కలుస్తుంది, అది ఊరిని బట్టి దీనికి రెట్టింపు కావచ్చు. "గాలి కొడితే చాలు, నడుస్తుంది" అన్న మాట వినగానే ఈ నూట నలభై గుర్తుచేసుకోండి.

ధర కట్టడం

ఇంటర్నెట్‌లో అడుగుతున్న ధరలు చూడకండి. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే వడపోత ఉంది, అది వాడండి. పెట్టెలో పెట్టి పంపే ఖర్చు వంద పైమాటే కాబట్టి, మామూలు సైకిలుకు మీ ఊరి ధరే అసలు ధర. ఒకే మోడల్ కాకపోయినా, అదే తరగతి గొట్టం, అదే తరగతి భాగాలున్న మూడు నాలుగు పోల్చండి.

కొలత మరవకండి. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైవరకు 54 నుంచి 58 సెంటీమీటర్లున్నవి త్వరగా అమ్ముడవుతాయి. 62 ఉన్న బంగారం లాంటి సైకిలు నెలల తరబడి పడి ఉంటుంది. మీరు అంత పొడుగరి అయితే అది మీ అదృష్టం. అయిదున్నర అడుగుల మనిషి 60 కొలత ఫ్రేమును చవగ్గా వచ్చిందని కొంటే ఆ సైకిలు గ్యారేజీ మారుతుంది, అంతే. మళ్లీ రంగు వేసిన ఫ్రేముకు నేను తగ్గిస్తాను, ఎంత బాగా వేసినా సరే. పాత స్టిక్కర్ల నకళ్లు సులువుగా దొరుకుతాయి కాబట్టి, మెరిసే రంగు మీద పెద్ద ఇటలీ పేరు కనిపిస్తే తిరిగి డ్రాపౌటు దగ్గరకే వెళ్లండి. దూర ప్రయాణాలకు కట్టిన టూరింగు సైకిళ్లు, మియాటా 1000, ట్రెక్ 720 వంటివి, ఈ రంగు లెక్కకు మినహాయింపు. గీతలు పడినా వాటిని వెతుక్కుంటూ వస్తారు.

ఒక లెక్క చేసి చూద్దాం. 1984 జపాన్ సైకిలు, టాంగే క్రోమియం-మాలిబ్డినం గొట్టాలు, సన్‌టూర్ భాగాలు, 56 కొలత. అడుగుతున్నది 250. ఇలాంటివి బాగుచేసి నడిచే స్థితిలో మీ ఊళ్లో 300కు అమ్ముడవుతున్నాయి. అందులోంచి రబ్బరు, తీగల ఖర్చు 140 తీయండి: 160. చైను ఎనిమిదో వంతు సాగింది, వెనుక పళ్లచక్రాలు 25: మిగిలింది 135. కడ్డీ, మెడ కదిలాయి కాబట్టి అక్కడ తగ్గింపు లేదు. లోపల కనిపించని వాటికి ఒక 15. అంటే 120. ఇదే సైకిలు రేపే తొక్కి వెళ్లేలా సిద్ధంగా ఉంటే 250 ఇచ్చినా తప్పు లేదు. భాగాలు విడదీసి అమ్మితే మొత్తం కంటే ఎక్కువ వచ్చే సైకిళ్లూ ఉన్నాయి, ముఖ్యంగా ఫ్రేము పాడై కంపాన్యోలో భాగాలు బాగున్నవి. కానీ ఆ అమ్మకాలకు నెలలు పడతాయి, ఆ ఓపికకు ధర మీరే వేసుకోవాలి.

హైదరాబాదు, బెంగళూరుల్లో చేతులు మారే రోడ్డు సైకిళ్లలో ఎక్కువ పది పదిహేనేళ్ల లోపు అల్యూమినియం ఫ్రేములు. వాటికి గొట్టం స్టిక్కరు, డ్రాపౌటు లెక్కలు పనికిరావు. అతుకుల దగ్గర పగుళ్లు, చైను, సీటు కడ్డీ, కొలత, ఈ నాలుగూ చూస్తే చాలు. కార్బన్ ఫోర్కు ఉంటే దాని పై మెడ దగ్గర లైటు వేయండి.

అమ్మేవారితో తిట్టుబేరం ఆడకండి. నేను అంకెలన్నీ చిన్న కాగితం మీద వారి ముందే రాస్తాను: టైర్లు ఇంత, చైను ఇంత. స్కేలు మీద సాగిన చైను వారికీ చూపిస్తాను. చాలామందికి తమ సైకిలుకు అంత ఖర్చుందని తెలియదు, తెలిశాక సగం దూరం వారే వస్తారు. రాకపోతే ఫోను నంబరు ఇచ్చి వచ్చేయడమే. డబ్బు ఇచ్చే ముందు సైకిలును తలకిందులు చేసి పెడళ్ల ఇరుసు కింద ఉన్న క్రమసంఖ్య చదవండి. అమెరికాలో బైక్ ఇండెక్స్‌లో, బ్రిటన్‌లో బైక్‌రిజిస్టర్‌లో అది దొంగ సరుకు జాబితాలో ఉందేమో ఫోనులోనే వెతకవచ్చు. సంఖ్యను రాపిడి పెట్టి చెరిపేసి ఉంటే మాత్రం ధర అడగకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. అంతా సరిగ్గా ఉంటే అదే కాగితం వెనుక సంఖ్య, తేదీ, ఇచ్చిన మొత్తం రాసి అమ్మినవారి సంతకం తీసుకోండి.